శనివారం రాత్రి ఎక్కడికి పోయింది

గంటలో ఫోన్ చేస్తానంది ఆదోని ఆఫీసు తారాబాయి మేడం. గోడ గడియారం గంటా, ఆఫీసు గంటా అని అడగబోయి ముస్రత్ ఆ మాటను మింగేసింది. ఇద్దరు మనుషుల మీద ఇచ్చిన నోటీసులు ఎదురుగా టేబుల్ మీద ఉన్నప్పుడు జోకులు వేయకూడదన్న ఇంగితం ఆమెకుంది, కాస్త ఆలస్యంగా వస్తుంది గానీ ఉంది. ఇప్పుడు ఆదోని బస్టాండులో ఎమ్మిగనూరు బస్సు, కిటికీ పక్క సీటు, ఒళ్లో మూడు లావాటి రిజిస్టర్లు, ఎడమ చేతిలో ఫోను. టైము పన్నెండూ నలభై. ఒకటీ నలభైకల్లా ఆ ఫోను మోగాలి, మోగి సరే అనాలి. అంటే తనతో పనిచేసే గౌస్ చాచా, దత్తాత్రేయ స్వామి దొంగ రాతలు రాయలేదని తేలుతుంది. అనకపోతే ఎల్లుండి వాళ్లిద్దరి సర్వీసు పుస్తకాల్లోకి ఎర్ర సిరా ఎక్కుతుంది. ఆ ఆఫీసు బల్ల మీదే కూర్చుని ఉండేది, కానీ రెండింటికి ఆమె షిఫ్టు. ఆమె వెళ్లి కుర్చీలో కూర్చుంటే గానీ పొద్దున ఆరు నుంచీ పంప్ హౌస్‌లో ఉన్న స్వామి లేవలేడు. ఊరికి నీళ్లు తోడే మోటారు దగ్గర పగలూ రాత్రీ మనిషి ఉండాలి, ఒక్క నిమిషం కూడా కుర్చీ ఖాళీగా ఉండకూడదు. మూడు వందల పేజీల రూల్సులో అందరికీ అర్థమైన రూలు అదొక్కటే.

బస్సు కదిలింది. జిన్నింగ్ మిల్లుల ముందు పత్తి లారీలు వరసగా నిలబడి ఉన్నాయి, దూది పీచు ఒకటి కిటికీలోంచి వచ్చి చాచా రిజిస్టర్ మీద వాలింది. దాని అట్టకు పాత ఉర్దూ క్యాలెండర్ కాగితం తొడిగి ఉంటుంది. స్వామి రిజిస్టర్ మొదటి పేజీలో శ్రీకారం, దాని పక్కన కుంకుమ మరక. తన దాని మీద కాలేజీ రోజుల స్టిక్కర్, కళ్లజోడు పెట్టుకున్న పిల్లి. ఎక్కడైనా మోటారుకు ఒక రిజిస్టర్ ఉంటుంది, ఇక్కడ మాత్రం మనిషికొకటి. ఎవరి చేతిరాతకు వాళ్లే జవాబుదారీ అని ఎప్పుడో ఒక పాత ఆఫీసరు అన్నాడట, ఆయన పోయి పదిహేనేళ్లయింది, మాట మాత్రం రిటైర్ కాలేదు. గంటకోసారి మోటారు రీడింగ్, ప్రెషర్, క్లోరిన్, సంతకం. పందొమ్మిదేళ్లుగా చాచా, పదహారేళ్లుగా స్వామి, రెండేళ్లుగా తను; తను రాక ముందు మూడో వంతు కూడా వాళ్లిద్దరే పంచుకున్నారు. పక్కపక్కన పెట్టి చదివిన మానవుడు ఒక్కడూ లేడు, ఎందుకు చదువుతాడు, నీళ్లు వస్తున్నంత కాలం నీళ్ల రిజిస్టర్ ఎవడికి కావాలి.

చదివింది తనే. బీటెక్ చదివిన పాపానికి. ఆ రోజు శ్రీరక్ష బెంగళూరు నుంచి ఫోన్ చేసి, నైట్ షిఫ్ట్ పడిందే, అలవెన్సుతో పాటు బిర్యానీ కూపన్ కూడా ఇస్తున్నారు, మటన్ కాదు చికెన్, ఎంత అన్యాయమో చూడు అని ఏడ్చింది. క్లాసులో పక్క బెంచీ, ఇద్దరికీ ఒకే మార్కులు, ఒకే నిద్ర. నీకెంతిస్తారే రాత్రికి అని అడిగింది. ముస్రత్ మర్నాడు చాచాను అడిగితే ఆయన నవ్వాడు. "రాత్రికి యాడైనా వేరే జీతం ఉంటాదా బేటీ? రాత్రి కూడా దినంలోదే కదా." ఉంది చాచా, ఉంది. రాత్రి పనికి ఇంత, ఆదివారం పనికి ఇంత అని అదనంగా ఇవ్వాలని సర్కారు కాగితం ఎప్పటి నుంచో ఉంది, మూడేళ్ల వెనక్కి అడగొచ్చని కూడా ఉంది, అడిగినవాడికే ఇస్తారు, అంతే. నెల రోజులు కూర్చుని మూడు రిజిస్టర్లూ కంప్యూటర్లోకి ఎక్కించింది. తేదీ, టైము, పేరు. తేదీ ప్రకారం సార్ట్ కొట్టి, రాత్రులకు నీలం, ఆదివారాలకు నారింజ రంగు వేసి, ఎంత అందంగా ఉందో అని తనకు తనే మురిసిపోయి, మళ్లీ చూడకుండా ఆదోనికి పంపేసింది. ఆ మళ్లీ చూడకపోవడం ఉందే, దానికి ఏ అలవెన్సూ లేదు.

పదిహేను రోజుల కింద జవాబు వచ్చింది, డబ్బు కాదు, నోటీసు. మూడు వారాలకోసారి ఆదివారం రాత్రి ఒకే కుర్చీలో గౌస్, దత్తాత్రేయ ఇద్దరూ ఉన్నట్టు సంతకాలున్నాయి. దాని ముందటి శనివారం రాత్రి ఎవ్వరూ లేరు. ఆ రాత్రి మోటారు నడిపినదెవరు? లేని డ్యూటీకి సంతకాలు పెట్టి అదనపు జీతం కోరినందుకు మీ మీద చర్య ఎందుకు తీసుకోకూడదో తెలపండి. కింద జతపరచిన పట్టిక ఆమెదే. నారింజ రంగుతో సహా. తను వేసిన రంగులోనే వాళ్లు తప్పు చూపించారు.

అప్పుడు చాచా ముఖం. అరవలేదు, తిట్టలేదు, కుళాయి కింద చేతులు కడుక్కుని రుమాలుతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. "పైసలు పోతే పోనీ బేటీ. నేను లేని రాత్రి ఉండానని రాస్తినంట. నా కొడుకు పుట్టిన రాత్రి కూడా ఈడనే ఉంటిని." స్వామి ఇంకో మూలన నిలబడి అద్దాలు తుడుస్తూ, తుడిచినవే తుడుస్తూ, "ఆదివారం రాత్రి నాది. అందులో ఇంకొకరి సంతకం ఎట్లొచ్చిందో దేవుడికే తెలియాల" అన్నాడు. ఎవరివైపూ చూడకుండా అన్నాడు, అదే పెద్ద తప్పైంది. ఆ రోజు నుంచి షిఫ్టు మారేటప్పుడు తాళంచెవి టేబుల్ మీద పెడతారు, ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పోదు. పదహారేళ్లు ఒకే ఫ్లాస్కులో చాయ్ తాగిన మనుషులు. ఇప్పుడు రెండు ఫ్లాస్కులు. రెండో ఫ్లాస్కు కొత్తది, స్టీలుది, ఫ్యాను గాలికి దాని మూత టకటకమంటూ ఉంటుంది, ఆ చప్పుడు విన్నప్పుడల్లా ముస్రత్‌కి కంప్యూటర్ తీసుకెళ్లి కాలువలో వేయాలనిపిస్తుంది.

"అంత లావు పుస్తకాలేంది పాపా? లాయరా నువ్వు?"

పక్క సీటులో పెద్దామె. ఆలూరు దాటి హాలహర్వి నుంచి వస్తోందట, పేరు హులిగమ్మ, ఎమ్మిగనూరులో కూతురి కాన్పు. ఒళ్లో గుడ్డ మూట, మూటలోంచి వేయించిన కొబ్బరి, బెల్లం వాసన.

"కాదవ్వా. నీళ్ల పంపు దగ్గర పని."

"నీళ్లకు ఇంత రాసేదుంటాదా? మా ఊర్లో నీళ్లు రావు, రాసేదీ లేదు." అని తన జోకుకు తనే నవ్వి, "ఫోన్ను అట్ల నలపొద్దు పాపా, పలుకుతాది, పిలగాడేనా?"

"కాదవ్వా, ఆఫీసులో మేడం."

"అయ్యో" అంది హులిగమ్మ, నిజంగా జాలిపడి.

బయట నల్లరేగడి, పత్తి చేలల్లో వంగిన ఆడవాళ్లు, నడుముకు కట్టుకున్న ఒడి సంచుల్లో తెల్లటి బరువు. సోమవారమో మంగళవారమో వాళ్లకూ తెలియదు, పత్తి పగిలిన రోజే రోజు. రోజు. నిన్న సాయంత్రం నానీ, వాళ్లమ్మమ్మ, అన్న మాట మళ్లీ చెవిలో. ఎంత చిన్న మాట. ముస్రత్ అరుగు మీద కూర్చుని గోళ్లు కత్తిరించుకుంటోంది, నోటీసుకు జవాబు గడువు రేపటితో సరి, బుర్రలో ఏమీ లేదు, ఏమీ లేనప్పుడు మనిషి గోళ్లు కత్తిరించుకుంటాడు. అప్పుడే మసీదులో పొద్దు గుంకే వేళ అజాఁ అయిపోయింది. లోపలి నుంచి నానీ, మహమూదా బీ, ఎనభై ఏళ్ల గొంతు. "పెట్టు ఆ కత్తెర! మంగళారం గోళ్లు తీస్తారా ఎవరైనా?" సోమవారం నానీ ఈ రోజు, అంది తను, ఫోన్ చూపించి మరీ. "నీ ఫోన్‌కేం తెల్సు? మగ్రిబ్ అయిపాయె కదా. మంగళారం వచ్చేసె." కత్తెర చేతిలోనే ఉంది. చిటికెన వేలు సగం కత్తిరించి ఉంది. మగ్రిబ్ అయితే రేపు వచ్చేస్తుంది. పొద్దు గుంకితే తేదీ మారిపోతుంది. చిన్నప్పటి నుంచి ఆ ఇంట్లో వింటూనే ఉంది, గురువారం రాత్రిని జుమ్మా రాత్రి, అంటే శుక్రవారం రాత్రి అనడం, రంజాన్ ముందటి సాయంత్రమే రంజాన్ అనడం, చెవిలో పడింది గానీ బుర్రలోకి పోలేదు, నాలుగేళ్లు కర్నూల్లో కంప్యూటర్ చదివి అర్ధరాత్రి పన్నెండే భగవద్దత్తం అనుకుంది. చాచా తండ్రి మసీదులో అజాఁ ఇచ్చేవాడు.

ఫోన్ చేసింది. "చాచా, నీ శనివారం ఎప్పుడైపోతుంది?"

"మగ్రిబ్‌కు. ఏం బేటీ, జ్వరమా?"

"రిజిస్టర్లో కూడా అట్లే రాస్తావా?"

"మరి ఎట్ల రాస్తారు?"

ఆ వెంటనే స్వామికి. వాళ్ల తాత ముత్తాతలది మంత్రాలయం పక్కన గుడి సేవ, ఆయనకు పంచాంగం తర్వాతే ప్రపంచం. "స్వామీ, నీ శనివారం ఎప్పుడైపోతుంది?" అవతల ఒక క్షణం అనుమానం. "పొద్దు పుడితే. ఎందుకమ్మా?" మరి రాత్రి రెండింటికి? "రాత్రి రెండుకు ఆదివారం యాడ వస్తాది ముస్రత్తమ్మా? స్నానం లేదు, సూర్యుడు లేడు, అప్పుడేం ఆదివారం?"

నానీ ఏమనుకుందో గానీ ముస్రత్ ఆ కత్తెరతోనే అరుగు మీద రెండు గంతులేసింది. ఒకాయన రోజు సాయంత్రం మొదలవుతుంది, ఇంకొకాయన రోజు పొద్దున మొదలవుతుంది, తన రోజు ఫోన్లో సున్నాలు పడ్డప్పుడు. ఒక్క గదిలో, ఒక్క కుర్చీలో, ముగ్గురు మనుషులు మూడు కాలాల్లో పనిచేస్తున్నారు. రాత్రి డ్యూటీ వంతు ప్రకారం రోజుకొకరిది. చాచా శనివారం రాత్రి కూర్చుని ఆదివారం అని రాశాడు. స్వామి మర్నాడు, నిజం ఆదివారం రాత్రి కూర్చుని, ఆదివారం అని రాశాడు. అందుకే ఒక రాత్రికి ఇద్దరు, ఒక రాత్రికి సున్నా. పోయిందన్న శనివారం రాత్రి ఎక్కడికీ పోలేదు, చాచా దాన్ని భద్రంగా ఆదివారంలో దాచి పెట్టాడు. కానీ దీన్ని ఆఫీసు నమ్మాలి కదా, నోటితో చెబితే కథ అంటారు. అప్పుడు తట్టింది. మోటారు పక్క గోడకు గుండ్రటి మీటరు ఉంటుంది, మోటారు తిరిగినన్ని గంటలూ అంకెలు పెరుగుతూనే పోతాయి, దానికి అజాఁ వినబడదు, పంచాంగం కనబడదు. ముగ్గురూ ప్రతి గంటా ఆ అంకె రాశారు. తేదీ ప్రకారం సార్ట్ తీసేసి, మీటరు అంకె ప్రకారం సార్ట్ కొట్టింది. చాచా, చాచా, చాచా, స్వామి, స్వామి, స్వామి, తను. ఒక్క గంట ఖాళీ లేదు. ఒక్క గంటలో ఇద్దరు లేరు. దండలో పూలు గుచ్చినట్టు. తెరను ముద్దు పెట్టుకోలేదు, పెట్టుకోబోయింది, నానీ చూస్తోందని ఆగింది.

పొద్దున తారాబాయి మేడం అంతా విని చాలాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, "బాగుండాది. మరీ బాగుండాది. మీ మీటరు మీరే రాసుకుంటిరి కదా. కరెంటు పోయిన టైములు వీళ్లు రాసినారు, సబ్‌స్టేషనోళ్ల దగ్గర కూడా ఉంటాయి. తెప్పించి కలిపి చూస్తా. గంటలో ఫోన్ చేస్తా" అంది. కలుస్తాయి. కలవక యాడికి పోతాయి. చాచా కరెంటు పోతే ఆకాశాన్ని తిట్టి మరీ టైము రాస్తాడు. ఆయనకు ఆ మీటరంటే ప్రాణం, రుమాలుతో దాని అద్దం తుడుస్తూ మా కొత్త కోడలు, మా కొత్త కోడలు అంటుంటాడు.

కొత్త.

బస్సు కోటేకల్ దగ్గర ఆగింది, ఎవరో మేకపిల్లతో ఎక్కారు, కండక్టరు దానికి టికెట్టు అన్నాడు, నవ్వులు. కొత్త కోడలు ఎందుకంటాడు? ముద్దుకు అనుకుంది రెండేళ్లు. గోడ మీది మిగతా డబ్బాలన్నీ తుప్పు, ఆ ఒక్కటే మెరుస్తుంది. అంటే మార్చారు. తను చేరక ముందు మార్చారు. కొత్త మీటరు సున్నా నుంచి మొదలవుతుంది కదా పిచ్చిదానా. అంకె ప్రకారం సార్ట్ కొడితే సున్నా ముందుకొస్తుంది, నలభై ఒక్క వేలు వెనక్కి పోతుంది. అంటే మేడం దగ్గరున్న కాగితంలో ఈ ఏడాది ముందుంది, మూడేళ్ల కిందటిది దాని తర్వాత ఉంది. కాలం వెనక్కి నడిచిన కాగితం. మళ్లీ సార్ట్ కొట్టి, మళ్లీ మురిసిపోయి, మళ్లీ చూడకుండా ఇచ్చేసింది. ఈసారి చాచా ఏ వేలు తుడుచుకుంటాడు. అవ్వా కొంచెం జరుగు, అని మూట మీదికే స్వామి రిజిస్టర్ పరిచింది, హులిగమ్మ ఏమీ అడగకుండా ఒక వైపు పట్టుకుంది. రెండున్నరేళ్ల వెనక్కి. పేజీలు. అరవై, నూట పది, నూట నలభై. స్వామి రాత ముత్యాలు, అన్నీ ఒకటే ఎత్తు. ఇక్కడ. ఎర్ర పెన్నుతో డబ్బా గీసి: పాత మీటరు ఆగినది, కొత్తది బిగించినది, సున్నాతో ప్రారంభం, రాత్రి 8 గంటలు, శనివారం. కింద రెండు సంతకాలు. స్వామిది, పక్కన వంకర అక్షరాల్లో గౌస్. బిగించేటప్పుడు ఇద్దరూ ఉన్నారు. అయితే చాచా దాంట్లో కూడా. ఉర్దూ క్యాలెండర్ అట్ట తీసి, తొందరలో ఒక మూల చిరిగి, సారీ చాచా, ఇదిగో, అదే డబ్బా, అవే ఆగిన అంకెలు, అదే రాత్రి 8 గంటలు. ఆదివారం. కింద గౌస్, పక్కన స్వామి ముత్యాలు.

ఒకే మీటరు. ఒకే నిమిషం. ఇద్దరూ ఒకరి పుస్తకంలో ఒకరు సంతకం పెట్టుకున్నారు, ఒక పుస్తకంలో శనివారం, ఒక పుస్తకంలో ఆదివారం, తేదీ వంక ఇద్దరిలో ఒక్కరూ చూడలేదు! చూసి ఉంటే రెండున్నరేళ్ల కిందే కొట్టుకుని తేల్చుకునేవాళ్లు. చూడకపోవడం వల్ల ఇప్పుడు బతికిపోతున్నారు. తను రంగులు వేసి, సార్ట్‌లు కొట్టి, నెల రోజులు నిద్ర మానుకుని తయారు చేసిన కాగితాలన్నీ ఒక ఎత్తు, ఈ రెండు ఎర్ర డబ్బాలు ఒక ఎత్తు.

"పట్టుకో అవ్వా, గట్టిగా, వణక్కుండా."

"బస్సు వణికితే నేనేం సేతు!"

ఫోటో. ఇంకో ఫోటో. మూడోది బాగా వచ్చింది, హులిగమ్మ బొటనవేలితో సహా. మేడం, మీటరు మారిన రోజు, రెండు రిజిస్టర్లూ చూడండి, కాగితంలో రెండో భాగం ముందు రావాలి, తప్పు నాది. పంపు. ఒక టిక్కు. సిగ్నల్ లేదు. పోయింది. సరిగ్గా ఇక్కడే పోవాలా. చేలు, చేలు, ఒక గుట్ట, రాళ్లు, నడుస్తున్న గొర్రెలు. రెండో టిక్కు రాదు. రాత్రుళ్లు కూడా ఇంతే, గంటకూ గంటకూ మధ్య ఏమీ జరగదు, మోటారు హోరు చెవిలో ఇల్లు కట్టుకుంటుంది, నిద్ర వచ్చి భుజం మీద కూర్చుంటుంది, దాన్ని దులుపుకోవడమే పని. ఊరంతా పడుకుని ఉంటుంది, పొద్దున కుళాయి తిప్పితే నీళ్లొస్తాయని ఎవరికీ అనుమానం కూడా రాదు, ఆ అనుమానం రాకపోవడాన్నే వాళ్లు ముగ్గురూ తయారు చేస్తారు. ఆదివారాలు తారు రోడ్డు మీద పెళ్లి బళ్లు పోతుంటే చాచా కిటికీలోంచి చూసి మేళం బాగుందో లేదో చెప్పేవాడు. తమ్ముడి పెళ్లిని కూడా అట్లే కిటికీలోంచి చూశాడట, స్వామికి ఆ రోజు జ్వరం. ఆ జ్వరం తగ్గాక స్వామి నాలుగు ఆదివారాలు ఆయన బదులు చేసి బాకీ తీర్చాడట. అవి ఏ కాగితంలో ఉన్నాయి? రెండు టిక్కులు. నీలం అయ్యాయి. చూసింది. మేడం చూసింది. రాస్తోంది అని వచ్చింది, ఆగింది, మళ్లీ రాస్తోంది, ఆగింది. రాయడం మానేసింది. ఫోను మోగింది. ఒకటీ ఇరవై ఆరు. గంట కూడా కాలేదు.

"ముస్రత్తేనా? ఆ బొటనవేలు ఎవరిదమ్మా?"

"హులిగమ్మ అవ్వది మేడం. బస్సులో."

"నీ కాగితం తలకిందులుగా ఉంటే, ఇదేందిరా నాయనా అని పక్కన పెట్టేస్తిని. అంతలో ఈ ఫోటో వచ్చె." పెన్ను మూత చప్పుడు. "సబ్‌స్టేషనోళ్ల లెక్కతో కలిపితిమి. కరెంటు పోయిన రాత్రులు డెబ్బై మూడు. డెబ్బై మూడూ కలిసినాయి. నోటీసులు రెండూ వెనక్కి తీసుకుంటాండాం, సాయంత్రం కాగితం పంపిస్తా."

"మేడం."

"ఉండు, అయిపోలేదు. మీరడిగిన ఆదివారం గంటలు నేను పన్నెండు నుంచి పన్నెండుకు లెక్కేసి మళ్లీ కూడితిని, ఎంత కోత పడుతుందో సూద్దామని. మీ చాచా సాయంత్రమే మొదలుపెట్టినాడు గానీ సాయంత్రమే ముగించినాడు. ఆ స్వామి ఆలీసంగా మొదలుపెట్టి ఆలీసంగా ముగించినాడు. ఆదివారం యాడ మొదలైనా ఇరవై నాలుగ్గంటలే కదమ్మా. మూడేండ్లకు కూడితే తేడా రాలేదు. ఇరవై ఆరేండ్ల సర్వీసులో ఇంత సక్కటి క్లెయిము నేను సూడలే. పూర్తిగా శాంక్షన్ రాస్తాండా. ఇకమీదట మాత్రం ముగ్గురూ పన్నెండుకే తేదీ మార్చండి, నా తల తినొద్దండి."

ఫోన్ పెట్టేసింది. ముస్రత్ అరిచింది. మేకపిల్ల బెదిరింది, డ్రైవరు అద్దంలోంచి చూశాడు, హులిగమ్మ "పిల్లోడు పుట్టినాడా?" అంది, ఇద్దరు పుట్టారవ్వా అంది తను, మూటలోంచి ఒక కొబ్బరి ఉండ దానంతటదే ఆమె నోట్లోకి వచ్చింది. నమలుతూనే పంప్ హౌస్‌కు ఫోన్ కలిపింది. స్వామి డ్యూటీలో ఉన్నాడు. చాచా డ్యూటీ రాత్రికి, అయినా పొద్దుటి నుంచి అక్కడే ఉంటాడు, గేటు బయట, లోపలికి పోకుండా. ఎత్తింది చాచానే. అంటే ఫోను గదిలోది, చాచా గదిలోకి వచ్చాడు.

"చాచా, నోటీసులు వాపస్. ఇద్దరివీ. డబ్బులు పూర్తిగా. ఒక్క గంట కూడా తప్పు లేదంట."

మోటారు హోరు.

"చాచా?"

"ఒక్కడికే సెప్తే సరిపోదు బేటీ, ఆయప్పకు కూడా నువ్వే సెప్పు" అన్నాడు, కానీ ఫోన్ ఇవ్వలేదు, దాన్ని పట్టుకునే గొంతెత్తి పిలిచాడు, పదిహేను రోజుల్లో మొదటిసారి. "ఓ స్వామీ! ఇట్ల రా! శనివారం దొరికింది!"

"యాడ దొరికె?"

"నీ పక్కనే ఉండాదంట. ఆ రాత్రి నాదంటే నమ్మితివా నువ్వు?"

"నమ్మలా."

"ఇప్పుడు?"

"ఇప్పుడు ఆదోనోళ్లే నమ్మినాక నేనెంత. తప్పైంది గౌసప్పా."

"తప్పేముంది. నువ్వు రాస్తే నేనూ నమ్మకపోదును. ఇంకోటి, పన్నెండుకు తేదీ మార్చాలంట, ఇకమీదట."

"పన్నెండుకా? అప్పుడు పొద్దు పుడతాదా, గుంకుతాదా? ఏమైతాదని మారుస్తాము?"

"ఏమీ కాదు. అదే నేనూ సెప్పేది."

ముస్రత్ ఫోన్లో ఉన్న సంగతి ఇద్దరూ మర్చిపోయారు. ఆమె గుర్తు చేయలేదు. ఎమ్మిగనూరు ఇళ్లు మొదలయ్యాయి, బస్సు నెమ్మదించింది, ఆమె రిజిస్టర్లు మూడూ ఎత్తుకుని లేచి నిలబడి, చెవికి ఫోను ఆనించుకునే మెట్ల వైపు నడిచింది, అవతల ఇద్దరూ అర్ధరాత్రిని కలిసి తిడుతున్నారు.